పొదల మాస్టారు

పొదల మాస్టారి కథల్లో ఎవరికీ కాళ్ళుండవు.

ఉండవంటే అసలు లేవని కాదు. ఉన్నాయని మనమే నమ్ముకోవాలి. కనపడవు, అంతే. కుందేలు పరుగు పందెంలో దిగుతుంది, గెలుస్తుంది కూడా. కాకపోతే మొదట్నుంచీ చివరిదాకా పొదల వెనకే పరుగెత్తుతుంది. పైన రెండు చెవులు మాత్రం ఊగుతూ పోతుంటాయి. రాజుగారు యుద్ధానికి పడవలో వెళతాడు. "ఎడారి రాజ్యమన్నావు కదయ్యా, పడవెక్కడిది?" అంటే, "వరదొచ్చిందండీ" అంటాడు మాస్టారు. బడిపిల్లలు ప్రహరీగోడ అవతలే నడుస్తారు, మనకి రిబ్బన్లు తప్ప మరేమీ కనపడవు. ఒకసారి ఎవరో పట్టుబట్టి జెర్రి మీద కథ కావాలన్నారు. ఇప్పుడెలా తప్పించుకుంటాడో చూద్దామని అందరూ కాచుక్కూర్చున్నారు. మాస్టారు మొదలుపెట్టాడు: "అనగనగా ఒక జెర్రి. దానికి జ్వరమొచ్చి దుప్పటి కప్పుకుని పడుకుంది." కథ అయిపోయేదాకా ఆ జ్వరం తగ్గితే ఒట్టు.

ఆయన మాస్టారూ కాదు, ఏ బళ్ళోనూ పాఠం చెప్పినవాడూ కాదు. పిల్లల పత్రికలకి కథలు, టీవీలకి చిన్న చిన్న నాటికలు, కదిలే బొమ్మల సినిమాలకి మాటలు, ఎవరు పిలిస్తే వాళ్ళకి రాసిపెట్టే మనిషి. జీతమూ లేదు, సెలవూ లేదు. పొదల వల్ల ఆ పేరొచ్చింది, పేరుకి గౌరవం ఉండాలని ఎవరో వెనక మాస్టారు తగిలించారు.

విచిత్రమేమిటంటే, తన కాళ్ళు మాత్రం ఒక్కచోట నిలవవు. కాళ్ళకి బలపం కట్టుకున్నట్టు ఆ గదిలోంచి ఈ గదిలోకి, ఈ గదిలోంచి మెట్లమీదికి తిరుగుతూనే కథ చెబుతాడు. ఫోనొచ్చిందంటే వీధి చివరిదాకా వెళ్ళి వస్తాడు. అవతలివాళ్ళు చెప్పినదాంట్లో సగం బస్సుల హారన్ల పాలు.

ఈ పొదల కష్టమంతా అనుభవించింది బొమ్మలక్క.

బొమ్మలక్క అంటే ఆయన కథలకి బొమ్మలు గీసే ఆవిడ. టైలరు షాపు పైన రెండు గదులు వీళ్ళ కార్యాలయం. ఒక గదిలో అడుగున దీపం వెలిగే అద్దం బల్ల, రెండో గదిలో మాస్టారు తిరగడానికి ఖాళీ. అద్దం మీద కాగితం మీద కాగితం వేసి, కింద బొమ్మ పైకి కనపడుతుంటే, దానికి రవ్వంత తేడాతో ఇంకోటి గీయాలి. అలా గీస్తూపోతే బొమ్మ కదులుతుంది. ఒక్క అడుగు వేయించాలంటే డజను బొమ్మలు. ఆ డజనూ ఆవిడే గీయాలి. ఆవిడ గీసిన మొహాల్లో ఉన్న కొంటెతనం ఇంకెవరి చేతికీ రాదని ఆ వృత్తిలో అందరూ ఒప్పుకున్న మాట.

పొద అంటే మాస్టారి లెక్కలో ఒక పచ్చమరక. "అక్కా, అక్కడొక పొద పడేయండి" అని అటు తిరిగి వెళ్ళిపోతాడు. బొమ్మలక్క మరకలు పడేసే మనిషి కాదు. ఆకు అంటే ఆకే. ఈనె ఉండాలి, అంచు ఉండాలి. కుందేలు వెనక దూసుకుపోతే గాలికి ఒక్కో ఆకూ ఒక్కోలా ఊగాలి. కుందేలు కాళ్ళు గీస్తే నాలుగు గీతల్లో పోయేది. కాళ్ళు దాచే పొద గీసేసరికి ఆవిడ ప్రాణం కడబట్టేది.

"ఆ ముక్క అతనితో చెప్పొచ్చు కదా?" అనేవాడు ఇంట్లో ఆవిడ భర్త.

"చెప్పను."

"ఎందుకు చెప్పవూ? ఆకు కనపడితే చాలు, నీకు ఒళ్ళు మండిపోతోంది. మనింట్లో ఆకుకూర వండి ఎన్నాళ్ళైందో తెలుసా?"

"నీకు ఆకుకూర కావాలంటే హోటల్లో తిను. నేను మాత్రం చెప్పను."

చెప్పకపోవడానికి కారణముంది. గీయడం కష్టంగా ఉందంటే, ఎందుకు కష్టమని అడుగుతారు. అడిగితే చెయ్యి సంగతి బయటపడుతుంది. ఆవిడ కుడిచెయ్యి బొటనవేలి మొదట్లో కొన్నేళ్ళుగా ఒక నొప్పి కాపురముంటోంది. మధ్యాహ్నమయ్యేసరికి మణికట్టుదాకా నిప్పు పెట్టినట్టుంటుంది. అందుకే ఎండాకాలంలో కూడా పొడుగు చేతుల జాకెట్టు, దాని కింద పట్టీ. టీ గ్లాసు ఎడమచేత్తో పట్టుకుంటుంది. ఎవరైనా అడిగితే, "ఎడమచేత్తో తాగితే టీ తొందరగా చల్లారదు" అంటుంది. బొమ్మలు గీసే మనిషికి చెయ్యి పాడైందని ఒక్కరి చెవిన పడితే చాలు, ఇక పిలిచేవాడుండడు. చేతి వైద్యుడి దగ్గరికి కూడా తలకి కొంగు కప్పుకుని వెళ్ళేది.

"నువ్వెందుకయ్యా కాళ్ళు రాయవు?" అని మాస్టారిని మాత్రం ఎన్నోసార్లు అడిగింది. ఒక్కోసారి ఒక్కో జవాబు.

"పిల్లలు మొహాలు చూస్తారక్కా, కాళ్ళెవరు చూస్తారు?"

ఇంకోసారి, "కాళ్ళుంటే పాత్రలు కథలోంచి పారిపోతాయక్కా."

ఇంకోసారి, "మా తాతగారు వద్దన్నారక్కా."

తాతగారికీ కదిలే బొమ్మలకీ ఏమిటి సంబంధమని అడిగేలోపు మెట్లు దిగిపోయేవాడు.

అలా రోజులు గడుస్తుండగా ఒక పెద్ద చానెల్ నుంచి పిలుపొచ్చింది. ఆ చానెల్లో పిల్లల కార్యక్రమాలు చూసే మేడమ్ స్వయంగా ఫోన్ చేసింది. మాస్టారు యథాప్రకారం వీధి చివరిదాకా వెళ్ళి మాట్లాడి, ఆయాసపడుతూ తిరిగొచ్చాడు.

"అక్కా, పెద్ద సీరియల్! మనకి రెండేళ్ళ పని!"

"కథానాయకుడెవరు?"

మాస్టారి మొహం వాడిపోయింది. "గుర్రం" అన్నాడు.

బొమ్మలక్క గుండెలో ఒక మూల సంతోషం, చేతిలో ఒక మూల భయం. చిన్నప్పట్నుంచీ ఆవిడకి గుర్రమంటే ప్రాణం. అది పరుగెత్తితే చూడాలి, గీయాలి! ఈ ఒక్క పనికి చెయ్యి ఏమైపోయినా సరేననుకుంది. ఆ రోజు నుంచి వేడినీళ్ళలో చెయ్యి ముంచుకుని, పట్టీ బిగించుకుని, ఇంట్లో గుర్రాలు సాధన చేయడం మొదలెట్టింది.

మాస్టారు మొదటి కథ తెచ్చాడు. గుర్రం పడవలో ఉంది.

మేడమ్ తిప్పి పంపింది. రెండో కథలో గుర్రం శాలలో నిలబడి కిటికీలోంచి తల బయటపెట్టి లోకానికి నీతులు చెబుతోంది. అదీ తిరిగొచ్చింది. మూడో కథలో గుర్రం గడ్డివాములో పొట్టదాకా కూరుకుపోయింది. లాగేవాళ్ళు లాగుతున్నారు, అది మాత్రం రాదు. మేడమ్ ఫోన్లో అరిచిన అరుపుకి కింద టైలరు కుట్టుమిషను ఆపి పైకి చూశాడట.

"రేపు ఇద్దరూ రండి. గుర్రం పరుగెత్తే కథ తెస్తే సరి. లేదంటే ఈ పని వేరేవాళ్ళకి ఇచ్చేస్తున్నాను" అంది మేడమ్.

బొమ్మలక్క మాస్టారిని గుమ్మంలో అడ్డగించింది. "ఒక్క పరుగు రాయి నాయనా. నేను గీస్తాను."

"గడ్డిలో పరుగెత్తిస్తానక్కా. ఏపుగా పెరిగిన గడ్డి."

"నా పిండాకూడు గడ్డి! నేను గుర్రం గీయలేననుకుంటున్నావా? అదేనా నీ అనుమానం?"

"అయ్యో, అది కాదక్కా..."

"మరేమిటి? చెప్పవేం?"

మాస్టారు కాళ్ళూ చేతులూ ఆడక అటు రెండడుగులు, ఇటు రెండడుగులు వేశాడు. బొమ్మలక్కకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళ స్నేహంలో ఆవిడ అంతగా మనసు కష్టపెట్టుకున్న రోజు లేదు.

"సరే. రేపు ఆ గుర్రం పరుగెత్తకపోతే, నీ దారి నీది, నా దారి నాది" అనేసి కొంగు బిగించుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు చానెల్ ఆఫీసులో, నాలుగువైపులా అద్దాలున్న గదిలో మేడమ్ ఎదురుగా కూర్చున్నారు. కూర్చున్నారంటే బొమ్మలక్క కూర్చుంది, మాస్టారు బల్ల చుట్టూ ప్రదక్షిణ చేస్తూ కథ చెబుతున్నాడు.

"అనగనగా ఒక గుర్రం. దానికి పరుగంటే చాలా ఇష్టం..."

మేడమ్ మొహం విప్పారింది. బొమ్మలక్క కుర్చీ ముందుకి జరుపుకుంది.

"... అది ఉండే మైదానంలో ఏపుగా, మెడదాకా పెరిగిన గడ్డి..."

"ఆపండి!" అంది మేడమ్. "మీకేమైనా మొక్కుందా అండీ? ఒక్క కాలు చూపిస్తే మీ సొమ్మేం పోయింది?"

మాస్టారు తల దించుకున్నాడు. ఇంతమంది దగ్గర ఇన్ని సాకులు చెప్పినవాడు, ఆ పూట ఒక్కటీ దొరక్క, "నాకు కాళ్ళు రాయడం చేతకాదు మేడమ్. అంతే. తప్పు నాదే, అక్కది కాదు. కథ వేరేవాళ్ళతో రాయించుకోండి. బొమ్మలు మాత్రం అక్కతోనే గీయించండి. కాకపోతే ఆ రాసేవాళ్ళకి నా మాటగా చెప్పండి, కాస్త గడ్డి వెయ్యమని" అన్నాడు.

మేడమ్ తలపట్టుకుంది. "గడ్డి, పొద, పడవ! ఎందుకండీ ఇవన్నీ? కాళ్ళు గీయడం పనెక్కువనా? బొమ్మల్ని కదిలించేది మా కుర్రాళ్ళు కదా! అమ్మగారు ఒక్కో పాత్రకీ ఒకటి రెండు బొమ్మలు గీసిస్తే చాలు. నడకలూ పరుగులూ అన్నీ మావాళ్ళు కంప్యూటర్లో చేసుకుంటారు. మొదటిరోజే ఫోన్లో చెప్పానే!"

మాస్టారు ఆగిపోయాడు. ఆయన ఒకచోట కదలకుండా నిలబడగా బొమ్మలక్క చూడటం అదే మొదలు.

"నడకలు అక్క గీయక్కర్లేదా?"

"అక్కర్లేదు."

"పరుగులు?"

"అక్కర్లేదండీ బాబూ."

"జెర్రి అయినా?"

"ఏనుగుల మందైనా అక్కర్లేదు!"

ఇక చూసుకోండి! ఆనకట్ట తెగింది. "అయితే వినండి మేడమ్" అని మాస్టారు అందుకున్నాడు. గుర్రం మేడ మెట్లు దిగుతూ పరుగెత్తింది. సంత మధ్యలోంచి పరుగెత్తింది. దాని వెనక ఊళ్ళో మేకలన్నీ, వాటి వెనక వాటి యజమానులూ పరుగెత్తారు. ఒక జెర్రి చెప్పుల దుకాణానికి వెళ్ళి అన్ని కాళ్ళకీ జోళ్ళు తొడిగి చూసుకుని, రంగు నచ్చలేదని అన్నీ విప్పేసింది. సాలెపురుగు పెళ్ళిలో నాట్యం చేసి కాళ్ళు చిక్కుపడి కూర్చుంది. గుర్రం ఒంటికాలి మీద నిలబడింది, రెండు కాళ్ళ మీద నడిచింది, గాల్లోకి ఎగిరి నాలుగూ ఒకేసారి ఆడించింది. ఎన్నో ఏళ్ళుగా గొంతులో అణిచిపెట్టుకున్న కాళ్ళన్నీ ఆ గదిలో పడి తొక్కేశాయి. మేడమ్ మొదట నోరు తెరిచింది, తర్వాత నవ్వింది, ఆఖరికి కళ్ళు తుడుచుకుంటూ, "చాలు, చాలు! పని మీదే" అంది.

బొమ్మలక్క మాత్రం నవ్వలేదు. ఒళ్ళో ఉన్న కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని మాస్టారివైపే చూస్తూ కూర్చుంది. కాళ్ళు రాయడం చేతకాని వాడికి ఇన్ని కాళ్ళెక్కడివి?

రోడ్డుమీదికి వచ్చాక అడిగింది. "ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"ఏమిటక్కా?"

"వేషాలు వెయ్యకు. నా చెయ్యి సంగతి."

మాస్టారు అటూ ఇటూ చూశాడు. దాక్కోవడానికి చుట్టుపక్కల ఒక్క పొదా లేదు. "ఒకసారి మీ చేతిలోంచి టీ గ్లాసు జారిపడింది చూడండి. గ్లాసు జిడ్డుగా ఉందన్నారు. నేనే కడిగిన గ్లాసక్కా అది. జిడ్డెక్కడిది?"

"అందుకని కాళ్ళు మానేశావా?"

"ఒక్క అడుగుకి డజను బొమ్మలని మీరే కదా చెప్పారు. అడిగితే మీరు ఒప్పుకోరు. ఊరుకుంటే గీసి గీసి చెయ్యి పోగొట్టుకుంటారు. అందుకని, నాలుగు పొదలు అడ్డం పెడితే మీకు కాస్త విశ్రాంతిగా ఉంటుందని..."

"విశ్రాంతా!" అంది బొమ్మలక్క. అప్పుడొచ్చింది నవ్వు. దీపస్తంభం పట్టుకుని మరీ నవ్వింది. దారినపోయేవాళ్ళు ఆగి చూశారు. "ఓరి నీ విశ్రాంతి తగలెయ్యా! కుందేలు కాళ్ళంటే నాలుగు గీతలయ్యా. పొద అంటే ఎన్ని ఆకులు? ఒక్కో ఆకుకీ ఎన్ని ఈనెలు? పైగా ఊగాలి!"

మాస్టారి మొహం పాలిపోయింది. "పొద అంటే... పచ్చరంగు పులమడం కాదా?"

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం విన్నాను. ఆకులు పట్టించి మరీ చేతులు కాల్చినవాణ్ణి నిన్నే చూశాను!"

మాస్టారు ఫుట్‌పాత్ మీద కూలబడ్డాడు. "మరి ఒక్క మాట చెప్పొచ్చు కదక్కా!"

"చెబితే నా చెయ్యి సంగతి అడుగుతావని చెప్పలేదు. పైగా నీకు కాళ్ళు రాయడం నిజంగానే చేతకాదేమో, అడిగితే నలుగురిలో నీ పరువు పోతుందేమోనని ఊరుకున్నాను."

పిల్లలకి బుద్ధులు చెప్పే పెద్దవాళ్ళు వీళ్ళు.

మాస్టారు లేచి బట్టలు దులుపుకున్నాడు. "అక్కా, ఇక నేను ఊహించి చావను. మీరే చెప్పండి. మీకు గీయడానికి ఏది సుఖంగా ఉంటుంది?"

బొమ్మలక్క ఇంతమంది దగ్గర పనిచేసింది, ఏది త్వరగా అవుతుందని అడిగారు, ఏది చౌకగా అవుతుందని అడిగారు. ఏది సుఖంగా ఉంటుందని అడిగినవాడు లేడు.

"గుడ్డు" అంది.

"గుడ్డా?"

"ఆఁ. గుండ్రంగా, నున్నగా. ఎడమచేత్తోనైనా గీసేస్తాను."

మాస్టారి కళ్ళు వెలిగాయి. అప్పటికే కాళ్ళు కదిలాయి. "అనగనగా ఒక గుడ్డు. అది చాలా పొగరుబోతుది. పిల్లనవ్వనంటే అవ్వనని భీష్మించుకుంది. ఇంతకీ ఎక్కడికెళుతుందక్కా ఆ గుడ్డు?"

"ఎక్కడికీ వెళ్ళదు. కూర్చుంటుంది."

"మరి కథ?"

"అది నీ తంటా" అంది బొమ్మలక్క. కాగితాలూ రంగులూ నిండిన సంచీని కుడిచేతిలోంచి తీసి, ఈ వృత్తిలోకి వచ్చాక మొదటిసారిగా, ఇంకొకరి చేతికిచ్చింది. "ముందు ఇది పట్టుకో. మణికట్టు లాగేస్తోంది."