ఎండిందనుకున్న కాడ

మా పై వాటాలో ఉండే పెద్దావిడ, బిల్డింగ్‌లో అందరం ఖాలా అని పిలిచే ఆవిడ, పోయారని శుక్రవారం పొద్దున వాచ్‌మన్ భార్య వచ్చి చెప్పింది. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. క్షమాపణ అడగాల్సిన మనిషి పోతే ముందుగా వచ్చేది అదే కాబోలు.

తిరుమలగిరిలో ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చేనాటికి నాకు తులసి తప్ప మరో మొక్క తెలియదు. ఖాలా హాల్లో కిటికీ చుట్టూ హోయా తీగ పాకి ఉండేది. మోండా మార్కెట్‌లో కొన్న సుతిలి తాడుతో కట్టి పెంచేవారు. నేను చెంబు పట్టుకుంటే చాలు, కేకేసేవారు. "జెర ఆగు బేటీ. నీళ్ళు తక్కువైతే తీగ మొహం వేలాడేసి చెప్తది. ఎక్కువైతే చెప్పకుండనే సస్తది."

ఏడేళ్ళు ఆ తీగ పూయలేదు. "తిని కూసుంటున్నవ్, పూసుడు ఎప్పుడే?" అని దాన్ని తిడుతూనే ఉండేవారు. పోయిన ఏడు మొదటిసారి పూసింది. మైనంతో చేసినట్టున్న లేత గులాబీ గుత్తులు. బిల్డింగ్‌లో అందరినీ పిలిచి చూపించారు.

పూలు రాలాక మోకాలి ఆపరేషన్‌కి వెళ్తూ తాళంచెవి నా చేతిలో పెట్టారు. నాకు శుభ్రం పిచ్చి. ఆమె వచ్చేసరికి ఇల్లు అద్దంలా ఉండాలని, తీగకు బోసిగా మిగిలిన పూల కాడలన్నీ కత్తిరించేశాను.

వాకర్‌తో వచ్చిన ఖాలా కూర్చోకుండా ముందు తీగ దగ్గరికే వెళ్ళారు.

"కాడలు ఏడబోయినయి?"

"ఎండిపోయాయి కదా ఖాలా, తీసేశాను."

"ఎండలె బేటీ. మల్ల పూలు గా కాడలకే వస్తయి."

తప్పయింది అంటే సరిపోయేది. "ఒక్క తీగ కోసం ఇంత పరేషానెందుకు, మళ్ళీ వస్తాయిలెండి" అన్నాను. మర్నాడు ఆమె తాళంచెవి అడిగి తీసుకుని వాచ్‌మన్ భార్యకు ఇచ్చారు.

తర్వాత మెట్ల మీద ఎదురైతే బాగున్నావా అనేవారు. ఇంటికి రమ్మని మాత్రం పిలవలేదు. పిలవకపోతే నా కాళ్ళేమైనా పడిపోయాయా? ఒక్క అంతస్తు ఎక్కి ఒక్క మాట చెప్పలేకపోయాను. పైపెచ్చు ఆమెకే పంతమని మా ఆయన దగ్గర సణిగాను. ఈ ఏడు తీగ పూయలేదు.

నిన్న బొల్లారం నుంచి ఆమె చెల్లెలి కొడుకు వచ్చి, తీగను చుట్టచుట్టి కుండీతో సహా కిందికి దించి ఆటోలో పెడుతుంటే ఆపాను. "పూలు రాలాక కాడలు కొయ్యకండి" అన్నాను.

"తెల్సు మేడం, ఖాలా మస్తు సార్లు చెప్పింది. ఎవరో ఒకామె తెల్వక కోసిందంట. మనిషి మంచిదే పాపం అన్నది. పేరు అడిగితే సుత చెప్పలె."

ఆ ఒకామెను నేనే అనడానికి నోరు రాలేదు. తీగ కొస ఆటో బయటికి వేలాడుతుంటే, విరగకుండా లోపలికి మడిచి పెట్టాను.