వెల్ష్ కొండల్లో దారి తప్పే శ్యామ్‌సుందర్ గారు

శ్యామ్‌సుందర్ గారు శనివారం శనివారం దారి తప్పుతారు. ఇంకే దురలవాటూ లేదు. సిగరెట్టు ముట్టరు, పేకముక్క పట్టరు, పార్టీల్లో ఎవరైనా గ్లాసు చేతికిస్తే అది ఆరెంజ్ జ్యూసేనని ఇచ్చినవాళ్ళ చేత ఒట్టు వేయించుకుని గాని తాగరు. కాని శనివారం పొద్దున్నే మంకీ క్యాప్ తగిలించుకుని, గొడుగు చంకలో ఇరికించుకుని, స్టేషన్ వ్యాగన్ బయటికి తీశారంటే మాత్రం, ఆ పూట దారి తప్పి తీరాల్సిందే.

ఈ సంగతి నవోమికి చెప్పిన పద్ధతే బాగాలేదు. ఎనభై రెండులో, గుంటూరు నుంచి ఒహాయో రాష్ట్రంలోని న్యూఆర్క్ అనే ఊరికి వచ్చి ఆమెకింకా నెల తిరగలేదు. భర్త జయరాజు అక్కడి గ్లాస్ ఫ్యాక్టరీలో కెమిస్టు. ఒకరోజు టీ తాగుతూ అన్నాడు.

"ఈ శనివారం శ్యామ్‌సుందర్ గారితో వెళ్దాం."

"ఎవరండీ ఆయన?"

"మా ఫ్యాక్టరీలో సీనియర్ ఇంజనీరు. చాలా మంచాయన. వారం వారం దారి తప్పుతారు."

నవోమి కప్పు కింద పెట్టేసింది.

"ఏం తప్పుతారూ?"

"దారి. పదేళ్ళ నుంచీ అంతే. ఇండియా నుంచి కొత్తగా వచ్చిన ఆడవాళ్ళనైతే మరీ పట్టుబట్టి తీసుకెళ్తారు."

"వాళ్ళావిడ ఊరుకుంటుందా?"

"ఊరుకోవడమేంటి, ఆవిడే టిఫిన్ కట్టిస్తుంది. ఒక్కోసారి తనూ వెళ్తుంది."

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నవోమి మామూలు కంటే గొంతు పెంచింది. "ప్రభువా, దారి తప్పిన ఆ పెద్దమనిషిని క్షమించు. ఆయన భార్యకు బుద్ధి దయచేయి. నా భర్తను ఆ స్నేహం నుంచి తప్పించు" అని ఆమె వేడుకుంటుంటే జయరాజు ఒక కన్ను తెరిచి, "నవోమీ, కార్లో! కార్లో దారి తప్పుతారే బాబూ!" అని మొత్తుకున్నాడు. ఆమె ఆమెన్ చెప్పడానికి చాలాసేపు పట్టింది.

న్యూఆర్క్‌కి ఆనుకుని వెల్ష్ హిల్స్ అని కొన్ని కొండలున్నాయి. ఎప్పుడో వేల్స్ దేశం నుంచి వచ్చి అక్కడ సేద్యం చేసుకున్నవాళ్ళ పేరు వాటికి నిలిచిపోయింది. కొండలంటే ఎంతని, మంగళగిరి కొండ ముందు నిలబెడితే తలొంచుకునేంత. కాకపోతే పచ్చగా, ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టు ఉంటాయి. మధ్యలో ఎర్రటి గొడ్ల కొట్టాలు, తెల్లటి చర్చి, మెలికలు తిరిగే మట్టి రోడ్లు. శ్యామ్‌సుందర్ గారికి ఆ కొండలంటే ప్రాణం. చర్చి దగ్గర కారాపి అందరినీ నడిపించేవారు. అదేమంటే ఆయన దగ్గరొక సిద్ధాంతం ఉండేది.

"వెల్ష్ వాళ్ళూ మనమూ ఒకటేనమ్మా. వాళ్ళ ఊరి పేర్లలో అచ్చులుండవు. మన మాటల్లో అచ్చులు ఎక్కువ. మధ్యలో ఎవరో పంపకం సరిగ్గా చెయ్యలేదు, అంతే."

మొదటి శనివారం వసుమతి గారు, అంటే శ్యామ్‌సుందర్ గారి భార్య, నవోమి చేతికి రెండు పులిహోర డబ్బాలిచ్చింది. "పెద్దది మధ్యాహ్నం తినడానికి. చిన్నది దారి తప్పాక తినడానికి" అంది, వాతావరణం సంగతి చెప్పినంత మామూలుగా. అక్టోబరు నెల, చెట్లన్నీ ఎర్రబడ్డాయి. నవోమి చీర మీద కోటు, కోటు కింద మోకాళ్ళ దాకా లాగి తొడిగిన జయరాజు మేజోళ్ళు, కాళ్ళకి కాన్వాస్ బూట్లు. పెద్ద డబ్బా ఖాళీ అయింది. వెనక్కి బయల్దేరారు. నాలుగు రోడ్లు కలిసే చోట శ్యామ్‌సుందర్ గారు కారాపి, దిగి, గొడుగుతో గాలిని అటూ ఇటూ పొడిచి చూశారు.

"పోయినసారి ఇక్కడ దారి ఉండేదే!"

వెనక సీట్లో ఇరుక్కున్న జయరాజూ, మిగతా తెలుగువాళ్ళూ ఆయనతో పాటే ఆ వాక్యం పూర్తి చేశారు. ఆయన ఏమీ చిన్నబుచ్చుకోలేదు.

"అమ్మాయ్ నవోమీ, ఆ ఇంటికెళ్ళి దారి అడిగి రా."

"నేనా బాబాయ్ గారూ?"

"నాకు కుక్కలంటే భయం."

"కుక్కేమీ కనపడట్లేదండీ."

"కనపడని కుక్కంటే ఇంకా భయం."

ఇక్కడ నవోమి సంగతి ఒకటి చెప్పాలి. గుంటూరు ఆస్పత్రిలో ఆమె హెడ్ నర్సు. ఆమె గొంతు వరండాలో వినపడితే వార్డుబాయ్‌లు బీడీలు పారేసేవారు, పేషెంట్ల చుట్టాలు చాపలు చుట్టేసేవారు. అమెరికా నర్సింగ్ పరీక్ష కూడా ఇక్కడికి రాకముందే రాసి పాసయింది. ఇంగ్లీషు పుస్తకం ఇస్తే గడగడా చదివేస్తుంది. తెల్లవాళ్ళు ఎదురుగా నిలబడితే మాత్రం నాలుక అంగిట్లో అతుక్కుపోయేది. మొదటి ఇంటర్వ్యూలో, "నీ గురించి చెప్పమ్మా" అన్న పాపానికి, ఉన్నంతసేపూ వాళ్ళ గోడ గడియారాన్ని చూసి లేచి వచ్చేసింది. ఇంకో హాస్పిటల్ వాళ్ళు మార్చిలో రమ్మన్నారు. "ఈసారి కూడా నోరు పెగలకపోతే నేను గుంటూరు వెళ్ళిపోతానండీ. నర్సుగానే బతుకుతాను. ఇక్కడ మూగదానిలా ఉండలేను" అని జయరాజుకి తెగేసి చెప్పింది. అతను రాత్రిళ్ళు నిద్రపోవడం మానేశాడు.

అలాంటి మనిషి వెళ్ళి ఆ తలుపు కొట్టింది. మిసెస్ పూ అనే ముసలావిడ తలుపు తీసింది. నవోమి నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. కాసేపటికి కారు దగ్గరికి తిరిగొచ్చింది.

"దారి ఎటన్నారమ్మా?"

"యాపిల్స్ ఇచ్చారండీ" అంది నవోమి ఏడుపు గొంతుతో, కొంగు నిండా పళ్ళు చూపించి.

"భేష్! దారిలో తినొచ్చు" అన్నారు శ్యామ్‌సుందర్ గారు. ఆ రోజు ఏదో సందులో దూరి ఎలాగో ఇల్లు చేరారు.

పై శనివారం ఆయనకి మోకాలు నొప్పి. ఆ పై శనివారం, "నా ఇంగ్లీషు మరీ కాకినాడ ఇంగ్లీషమ్మా, వాళ్ళకి ఎక్కదు" అన్నారు. ఇంకోసారి, మగవాళ్ళు దారి అడగడం తమ వంశంలో ఆచారం లేదన్నారు. సాకు ఏదైనా దిగేది నవోమే. మిసెస్ పూకి చెవుడు కూడాను. "ఆఁ? ఏంటీ?" అని ప్రతి ముక్కా రెండేసిసార్లు చెప్పించుకునేది. చలికాలం సగంలో ఒకరోజు నవోమికి ఒళ్ళు మండింది. వార్డులో అరిచినట్టు, "అమ్మా, మాకు న్యూఆర్క్ వెళ్ళే దారి కావాలి! మా డ్రైవర్‌కి బుర్ర లేదు!" అని ఇంగ్లీషులో ఒక్క అరుపు అరిచింది. ముసలావిడ పడీ పడీ నవ్వింది. కార్లో శ్యామ్‌సుందర్ గారు స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేశారు.

అప్పట్నించి నవోమి ఒక్కో ఇంట్లో కాఫీ కూడా తాగి వచ్చేది. ఒక ఇంట్లో పసిబిడ్డకి దగ్గు చూసి ఆవిరి పట్టమని చెప్పింది. ఇంకో ఇంటి ముసలాయన కాలి పుండుకి కట్టు మార్చింది. వెనక సీటు వాళ్ళు ఆకలితో నకనకలాడుతూ చిన్న డబ్బా ఖాళీ చేసేవారు. ఇంత జరిగినా హాస్పిటల్ మాటెత్తితే ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. దారి అడగడం వేరు, ఉద్యోగం అడగడం వేరు.

మార్చి రానే వచ్చింది. ఇంటర్వ్యూ కొలంబస్ వైపున్న హాస్పిటల్లో, పొద్దున్న పదింటికి. ఆ రోజే జయరాజు కారు దగ్గింది గాని కదల్లేదు. ఇంటింటికీ ఫోన్ చేస్తే అందరూ డ్యూటీకి వెళ్ళిపోయారు. చివరికి సెలవులో ఉన్నది ఒక్కరే.

"శ్యామ్‌సుందర్ గారా!" నవోమి కుర్చీలో కూలబడింది. "ఇంటర్వ్యూకి కాదండీ, పెన్షన్ టైముకి చేరతాను."

"వేరే దిక్కు లేదు నవోమీ. కిటికీ అద్దం దించి ఉంచు, దారి అడుగుతూ వెళ్ళు" అన్నాడు జయరాజు దీనంగా.

స్టేషన్ వ్యాగన్ వచ్చింది. మంకీ క్యాప్ ఉంది, గొడుగు లేదు. ఊరు దాటారో లేదో, మెయిన్ రోడ్డు మీద పాల ట్యాంకర్ ఒకటి అడ్డంగా పడి ఉంది. కార్లన్నీ బారులు తీరి నిలబడ్డాయి. పాలు రోడ్డు మీద కాలవలా పారుతున్నాయి. నవోమి కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. కారు గిర్రున తిరిగి ఒక మట్టి రోడ్డులోకి దూకడంతో మధ్యలో ఆపేసింది.

శ్యామ్‌సుందర్ గారు ఒక చేత్తో స్టీరింగ్ తిప్పుతూ తనలో తాను గొణుక్కుంటున్నారు. "ఇక్కడ మంచు కరగదు, నెమ్మదిగా... ఈ కొట్టం వెనక సందు ఉంది... చర్చి పక్కనించి పోతే వంతెన తప్పుతుంది..." నాలుగు రోడ్లు కలిసే చోటు వచ్చింది. కారు ఆగలేదు. గాలిని పొడవడం లేదు, ఉండాల్సిన దారి లేదని ఆశ్చర్యపోవడం లేదు. నవోమి నోరు తెరుచుకుని చూస్తోంది.

మిసెస్ పూ తన గేటు దగ్గర ఉత్తరాల డబ్బా తెరుస్తోంది. అంత దూరం నుంచే కారు చప్పుడు విని తలెత్తి, "ఏంటి శామ్! ఇవాళ దారి తప్పడం లేదా?" అని ఇంగ్లీషులో కేకేసింది.

"ఇవాళ కుదరదు మిసెస్ పూ! అర్జెంటు!" అని ఆయన నోరు జారారు.

కారు కొండ దిగింది.

"ఆవిడకి చెవుడు కదా బాబాయ్ గారూ?" అంది నవోమి.

"చెవుడా? పక్క ఊళ్ళో కోడి తుమ్మితే చెప్తుంది." అని నాలుక కరుచుకున్నారు.

"మీకు ఈ దారులన్నీ తెలుసు!"

ఆయన మంకీ క్యాప్ కిందికి లాక్కున్నారు. "పదేళ్ళుగా తిరుగుతున్నానమ్మా. ఎంత బుర్ర లేని డ్రైవర్‌కైనా ఈపాటికి వచ్చేస్తాయి."

"మరి ఎందుకండీ ఇదంతా?"

"మీ పిన్ని మొదట వచ్చినప్పుడు ఒక చలికాలమంతా ఇంట్లోంచి కదల్లేదు. పలకరిస్తే గోడ వైపు తిరిగేది. ఒకరోజు ఈ కొండల్లో నిజంగానే దారి తప్పాను. నాకు జ్వరం, లేవలేకపోయాను. తనే దిగి, మిసెస్ పూ తలుపు కొట్టి, ఏం మాట్లాడిందో ఏమో, దారి కనుక్కొచ్చింది. తిరిగొచ్చి కారెక్కుతున్నప్పుడు మొహం చూడాలి నువ్వు! నాకు మళ్ళీ పెళ్ళయినట్టనిపించింది." ఆయన కారు మలుపు తిప్పారు. "ఆ రోజునించీ నాకు దారులు దొరకడం మానేశాయి. మీ పిన్నికి మాత్రం చెప్పకమ్మా. రెండో డబ్బా కట్టదు."

నవోమికి నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ఈ పెద్దాయన పదేళ్ళుగా ఊరందరి చేతా వెక్కిరింపులు తిని, ఎంతమంది నోళ్ళు తెరిపించారో తలుచుకుంటే ఆమెకి తన భయం మీద తనకే సిగ్గేసింది. ఎదురుగా హాస్పిటల్ కనపడింది. టైముకి ముందే వచ్చారు.

లోపల నర్సింగ్ డైరెక్టరు గారు కుర్చీ చూపించి, మర్యాదకి అడిగే మాట అడిగింది. "ఇక్కడికి దారి కనుక్కోవడం కష్టమైందా?"

పాపం ఆవిడకేం తెలుసు! ప్రపంచంలో నవోమి ఏ ప్రశ్నకైతే ఆరు నెలలు సాధన చేసిందో, సరిగ్గా అదే అడిగింది. నవోమి నోరు తెరిచింది. బోల్తా పడ్డ పాల ట్యాంకర్‌తో మొదలుపెట్టి, కొండ వెనక సందు మీదుగా, చర్చి దాటి, దగ్గు బిడ్డ ఇంట్లో ఆగి, కాలి పుండు ముసలాయనకి కట్టు ఎలా మార్చిందీ, ఏ మందు ఎందుకు రాయొద్దందీ, గుంటూరు వార్డులో అలాంటివి ఎన్ని చూసిందీ, అక్కడిదాకా వెళ్ళి గాని ఆగలేదు. డైరెక్టరు గారు పెన్ను కింద పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింది. తర్వాత, "సోమవారం నుంచి రాగలవా?" అని మాత్రం అడిగింది.

నవోమి మెట్లు దిగి పరిగెత్తింది. కార్లో శ్యామ్‌సుందర్ గారు చేతులు నలుపుకుంటూ కూర్చున్నారు.

"బాబాయ్ గారూ, వచ్చేసింది!"

"ఏం మాట్లాడావు?"

"దారి చెప్పానండీ."

ఆయన పెద్దగా నవ్వబోయి, మంకీ క్యాప్ తీసి దాంతోనే కళ్ళు తుడుచుకున్నారు. "చలిగాలికి కళ్ళు కారుతున్నాయి" అని గొణిగి కారు స్టార్ట్ చేశారు. దారి పొడుగునా ఒకటే మాటలు. సోమవారం ఏం కట్టుకోవాలి, యూనిఫామ్ కింద మేజోళ్ళు ఎంత మందం ఉండాలి, జయరాజుకి ఎవరు చెప్పాలి, నువ్వా నేనా. చాలాసేపటికి నవోమి కిటికీలోంచి చూసింది. కొండలు లేవు. చర్చి లేదు. ఎటు చూసినా మొక్కజొన్న కోసేసిన బల్లపరుపు చేలు, నడినెత్తిన సూర్యుడు.

కారు నెమ్మదించింది. శ్యామ్‌సుందర్ గారు అటు చూశారు, ఇటు చూశారు. ఆయన మొహం పాలిపోయింది.

"నవోమీ, ఒట్టు! ఈసారి నిజంగానే తప్పానమ్మా!"

నవోమి పొట్ట పట్టుకుని నవ్వుతూ కారు దిగి, చేను గట్టు మీద ట్రాక్టర్ నడుపుతున్న రైతుని చెయ్యెత్తి, గుంటూరు వార్డు దద్దరిల్లే గొంతుతో కేకేసి పిలిచింది.