ఇంజను మింగిన కొంగు

తాడేపల్లిగూడెంలో మా అబ్బాయికి వెల్డింగు షెడ్డు ఉండేది. కాలేజీ పిల్లల రేసు కారుకి, ఇంజను గాలి పీల్చుకునే గొట్టాన్ని అల్యూమినియం రేకు వంచి చేత్తోనే చేశాడు. ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ వాడికి క్యారేజీ పట్టుకెళ్లాను.

షెడ్డులో పిల్లలు కారు ఇంజను నడిపి చూస్తున్నారు. దాని పక్కనే వంగి క్యారేజీ పెడుతుండగా, ఆ ఇంజను నా పట్టుచీర కొంగును గొట్టంలోకి లాగేసుకుని టక్కున ఆగిపోయింది. నా తల ఇంజనుకు తగిలినంత పనైంది.

"అయ్యో, నా గొట్టం!" అన్నాడు వాడు. కొంగు లాగితే రాలేదు. "కత్తిరించేస్తానమ్మా, రేపే వాళ్ల పందెం."

"నీ గొట్టం కోసుకో. చర్చికి కట్టే చీర ఇదొక్కటే."

"కొత్తది కొనిస్తాం మామ్మగారూ," అన్నారు పిల్లలు.

"మీ నాన్నగారి డబ్బుతోనా?"

చివరికి బోల్టులు విప్పి గొట్టం ఊడదీశాడు. లోపల వెల్డింగు బొడిపె ఒకటి ముల్లులా కొంగును పట్టుకుని ఉంది. అది విరిగి ఇంజనులో పడితే ఏమయ్యేదోనని పిల్లల ముఖాలు పాలిపోయాయి.

"పైన అద్దంలా మెరిపించావు. లోపల ఆకురాయి పెట్టడానికి బద్ధకమా?" అన్నాను. వాడు కొంగు విడిపించి, ఆ బొడిపెను అరగదీశాడు.

పందెంలో కారు ఎక్కడా ఆగలేదని పిల్లలు మిఠాయిలు తెచ్చారు. గొట్టం బాగుందని అందరూ మెచ్చుకున్నారు. ఆ రోజు నీకేమైనా అయిందా అని మాత్రం ఇప్పటికీ ఒక్కరూ అడగలేదు.