చిల్లర చేతికివ్వాలి

మా అమ్మ బజారుకు వెళ్ళేది సగం సరుకుల కోసం, సగం మర్యాద కోసం. వంకాయల్లో ఒకటి పుచ్చిపోయి వచ్చినా ఊరుకుంటుంది గానీ, డబ్బులు తీసుకునే మనిషి తన ముఖం చూడకపోతే ఊరుకోదు. నోటును మడత లేకుండా సాపు చేసి, కుడిచేత్తో అందిస్తుంది. చిల్లర కూడా అలాగే తన చేతిలో పెట్టాలి. పెట్టినవాళ్ళకు "సల్లగుండు నాయనా" అని తెలుగులోనే దీవెన. జంషెడ్‌పూర్‌లో మేముండే బారిడీహ్‌లో కూరగాయల బళ్ళవాళ్ళకు తెలుగు రాదు, అది మా భాషలో నమస్కారం అనుకుంటారు. కొందరు ఆమెను చూడగానే వాళ్ళే ముందుగా "సల్లగుండు మాతాజీ" అనేస్తారు.

నేను అందుకు పూర్తిగా విరుద్ధం. ఫోన్ చూపించి, డబ్బు అందిందని ఆ డబ్బా అరవగానే సంచీ పట్టుకుని బయటపడే రకం. క్యాష్ దగ్గర కూర్చున్నది ఆడో మగో కూడా గుర్తుండదు.

"అలాగెలిపోతావేటే, దొంగలాగ? పలకరింపు నేదు, ఏటీ నేదు" అని అమ్మ సతాయిస్తుంది.

"నేను కొట్టుకెళ్ళింది సబ్బులకమ్మా, చుట్టరికానికి కాదు" అంటాను.

నేను పాఠాలు చెప్పే బడి ఊరికి ఆ చివర, సోనారిలో ఉంది. నెలకొక శనివారం అమ్మ బారిడీహ్ నుంచి షేర్ ఆటోలో అక్కడికి వస్తుంది. బడి పక్కనున్న సూపర్‌మార్కెట్‌లో ఇద్దరం నెల సరుకులు కొంటాం. బిల్లు అమ్మే కడుతుంది, నాన్న పోయాక తనకు వచ్చే పెన్షన్‌లోంచి, నోట్లతో. ఆ ఒక్క విషయంలో నా మాట చెల్లదు.

పోయిన వేసవిలో అక్కడ క్యాష్ దగ్గరకు కొత్త అమ్మాయి వచ్చింది. ఎవరితోనో ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే అమ్మ విని తెగ సంబరపడిపోయింది. "ఓలమ్మ, మన తెలుగు గుంటే" అని నన్ను మోచేత్తో పొడిచి, లైనులో మా వంతు రాగానే అడిగింది.

"ఏ ఊరమ్మా మీది?"

"యహీ కీ హూ ఆంటీ, కద్మా" అంది ఆ అమ్మాయి, ఈ ఊరిదాన్నే, ఇల్లు కద్మాలో అని. ఇక్కడి పిల్లలంతే, పెద్దవాళ్ళు తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతారు. అమ్మ దానికేమీ అనుకోలేదు. నవ్వుతూనే నోటు చాపింది.

ఆ అమ్మాయి అందుకోలేదు. కంప్యూటర్ పక్కనున్న చిన్న స్టీలు పళ్ళెం ముందుకు జరిపి, డబ్బులు అందులో పెట్టమని కళ్ళతోనే చూపించింది. అమ్మ చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. వెనక లైను గొణగడం మొదలుపెట్టింది. నేనే నోటు తీసుకుని పళ్ళెంలో వేశాను. చిల్లర కూడా పళ్ళెంలోకే వచ్చింది. అమ్మ దానివైపు చూడనైనా చూడలేదు. నేనే ఏరుకుని సంచీలో వేశాను. ఆ పూట దీవెన లేదు.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ అంది, "ఆ కొట్టుకి నానింక రాను."

"ఎందుకమ్మా, పళ్ళెంలో వేస్తే అరిగిపోతాయా డబ్బులు?"

నేను మామూలుగా వేళాకోళమాడాను. అమ్మ కోప్పడలేదు. అరుగు మీద కూర్చుని, నాకు ఎప్పుడూ చెప్పనిది చెప్పింది.

"మా ఊర్లో ఒక్కటే కొట్టు. మా పేటోలం మెట్టెక్కకూడదు. కిందనే నిలబడి డబ్బులు సెక్క మీద పెట్టాల. ఆ కొట్టాయన వాటి మీద నీల్లు జల్లి, అప్పుడు తీసీవోడు. సిల్లర పైనుంచి పడేసీవోడు. దోసిట్లో పడితే పడ్డట్టు, నేకపోతే మట్టిలో ఏరుకోడవే."

తర్వాత పెళ్ళి చేసుకుని జంషెడ్‌పూర్ వచ్చింది. నేను చంకలో ఉన్నప్పుడు బారిడీహ్‌లో ఒక బీహారీ ముసలాయన కొట్టుకు మొదటిసారి ఒక్కతే వెళ్ళింది. అలవాటు కొద్దీ డబ్బులు చెక్క మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడిందట.

"ఆయనేటో అన్నాడు. నాకు హిందీ రాదు. సెయ్యి సాపమని సైగ సేసినాడు. సాపితే అరసేతిలో సిల్లర పెట్టి, సంకలో పిల్ల తోసేత్తాదేమో అని నా వేల్లు ఆయనే మూసినాడు. ఇంటికొచ్చినదాకా ఆ పిడికిలి ఇప్పనేదు నాను. ఈ ఊరొదిలి ఎక్కడికీ రానని మీ నాన్నకి ఆ రోజే సెప్పీసినాను."

నాన్న రిటైరయ్యాక మా వాళ్ళందరూ విజయనగరం వైపు వెళ్ళి స్థిరపడితే, అమ్మ ఎందుకు కదలనందో నాకు అప్పుడు తెలిసింది. అన్నాళ్ళూ చర్చి స్నేహితులను వదల్లేక అనుకున్నాను.

"అమ్మా, ఆ అమ్మాయి అందరికీ పళ్ళెంలోనే ఇస్తోంది, నేను చూశాను."

"అందరికీ అది పల్లెం. నాక్కాదు. హిందీవోలికి మనం ఎవరివో తెల్దు. తెలుగు గుంట కదా, బొట్టు నేని మొకం, నా మాట, రెండూ సాల్లేదూ? ఏ పేటో పోల్చీసుంటాది."

ఇక నా మాట చెవికెక్కించుకోలేదు. తర్వాతి నెల సోనారి రాలేదు. అంతటితో ఆగితే బాగుండేది. పక్క క్వార్టర్లో కొత్తగా దిగిన తెలుగావిడ టీకి పిలిస్తే ఒంట్లో బాగోలేదని పంపేసింది. ఇన్నేళ్ళు తల ఎత్తుకుని తిరిగిన ఊళ్ళో, తెలుగు వినబడితే తలుపు వేసుకోవడం మొదలుపెట్టింది.

అసలే నాకు కోపం ముక్కు మీదుంటుంది. ఒక సాయంత్రం బడి అయ్యాక సరాసరి ఆ కొట్టుకు వెళ్ళాను. ఒక సబ్బు తీసుకుని, ఫోన్ జోలికి పోకుండా నోటు తీసి ఆ అమ్మాయి చేతికి చాపాను. పళ్ళెం ముందుకు జరిగింది.

"మా చెయ్యి తగిలితే మైలపడతావా?" అని తెలుగులోనే అడిగాను.

ఆ అమ్మాయి తెల్లబోయింది. నా వెనకున్న మగాయన్ని ఒకసారి చూసి, ముందుకు వంగి, ఇంత స్పష్టంగా తెలుగు వచ్చా అనిపించేలా మాట్లాడింది. అతనికి అర్థం కాకూడదనే తెలుగు తీసిందని నాకు తర్వాత తట్టింది.

"అక్కా, ఈ పల్లెం కొట్టోలది కాదు. మా ఇంటికాడ నుంచి నానే తెచ్చుకున్నాను. సిల్లరిత్తంటే వేల్లు పట్టీసుకుంటారక్కా. ఒకాయనైతే అరసేతిలో గోరుతో గీరుతాడు. మేనేజరుకి సెప్తే, కస్టమర్లు కదా, సర్దుకో అన్నాడు."

"మరి ఆడవాళ్ళకేం?"

"ముందు ఆడోలికి సేతికే ఇచ్చాను. మాకెందుకు పల్లెం, మేం ఏటి సేసాం అని మగోలు గొడవ పెట్టీసారు. అందుకే అందరికీ ఒకటే. ఆంటీ ఆవేల మొకం సిన్నబుచ్చుకోడం సూసాను. ఎందుకో తెలీనేదు."

వెనకాయన "కిత్నా టైమ్ లగేగా?" అని, ఇంకా ఎంతసేపన్నట్టు విసుక్కున్నాడు. అతనేం చేశాడో తెలియకపోయినా గుర్రుగా చూశాను. వెంట తెచ్చుకున్న కోపాన్ని సబ్బుతోపాటు సంచీలో వేసుకుని బయటికొచ్చాను.

అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అంతా వింది.

"ఇంట్లో పల్లెం తీసుకెల్లిందంటే, దాని తల్లికి తెలిసే ఉంటాది" అంది. "అడిగుంటాది, ఎందుకే అని. అదేటి సెప్పిందో పాపం."

ఆ శనివారం పిలవకుండానే సోనారి వచ్చింది. సరుకులన్నీ తీసుకుని లైనులో నిలబడ్డాం. మమ్మల్ని చూసి ఆ అమ్మాయి ముఖం బిగుసుకుంది. అమ్మ నోటు సాపు చేసి, ఎవరూ చెప్పకుండానే, పళ్ళెంలో పెట్టింది. ఆ అమ్మాయి నోటు తీసుకుని, చిల్లర పట్టుకుని, పళ్ళెంలో వెయ్యాలో చేతికివ్వాలో తేలక అలాగే ఉండిపోయింది. వెనకాల ఇద్దరు మగవాళ్ళున్నారు. ఈమెకు చేతికిస్తే మళ్ళీ గొడవే.

అమ్మ తన కుడిచెయ్యి వెల్లకిలా తిప్పి, ఆ పళ్ళెంలో పెట్టింది.

"పల్లెంలోనే ఎయ్యమ్మా" అంది.

ఆ అమ్మాయికి ముందు నవ్వొచ్చింది. తర్వాత నవ్వు ఆగి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చిల్లర పైనుంచి వెయ్యలేదు. సీట్లోంచి లేచి, వంగి, అమ్మ అరచేతిలో పెట్టింది.

"సల్లగుండు తల్లీ" అంది అమ్మ.

"మల్లీ రండి, అమ్మమ్మా" అంది ఆ అమ్మాయి, తెలుగులో.

తిరుగు ఆటో గతుకుల్లో ఎగిరెగిరి పడుతోంది. అమ్మ ఎడమచేత్తోనే కడ్డీ పట్టుకుని ఊగుతోంది. పడిపోతావు, చిల్లర పర్సులో వేసుకుని రెండు చేతులా పట్టుకో అన్నాను. పిడికిలి ఒళ్ళోకి ఇంకా దగ్గరగా లాక్కుంది.

"ఇంటికెల్లినాక ఇప్పుతాను" అంది.