అత్తయ్య, నేను, మధ్యలో చెస్ క్లాక్

మా అత్తయ్య పోయి కొద్ది వారాలే అయింది. మధ్యాహ్నం భోంచేసి, "కాసేపు నడుం వాలుస్తానే, లేచేసరికి టీ పెట్టు" అని పడుకున్న మనిషి, టీ పెట్టి పిలిస్తే పలకలేదు. మాచర్ల బజారులో మా బట్టల షాపు తెలిసినవాళ్ళంతా వచ్చారు. ఆవిడ గల్లాపెట్టె దగ్గర కూర్చునే తీరు, బేరాలు, నోటి దురుసు అన్నీ తలుచుకుని ఏడుస్తూనే నవ్వారు. అవన్నీ నిజమే. నేను చెప్పదలచుకున్నది మాత్రం వాళ్ళెవరికీ అంతగా తెలియని సంగతి. నన్ను మొట్టమొదటి చదరంగం పోటీకి తయారుచేసింది మా అత్తయ్య. ఏనుగు ఎటు నడుస్తుందో, శకటు ఎటు నడుస్తుందో చివరిదాకా తికమక పడుతూనే ఉన్న మా అత్తయ్య.

ఆట నాకు చిన్నప్పుడు మా నాన్న నేర్పాడు. పెళ్ళయ్యాక ఎదురుగా కూర్చుని ఆడేవాళ్ళు లేక ఫోన్‌లో ఆడుకునేదాన్ని. ఎండాకాలం మధ్యాహ్నాలు మా ఊళ్ళో కుక్క కూడా రోడ్డు మీదికి రాదు. అట్లాంటి ఒక మధ్యాహ్నం వంటింట్లో కూర్చుని ఆడుతుంటే, అత్తయ్య వెనక నిలబడి చూసింది.

"ఎవరితోనే పోరాటం?"

"తెలీదత్తయ్యా. ఎవరో, ఏ ఊరో."

"మొహం తెలియనోడితో ఏం ఆటే? ఓడిపోయినాక వాడి మొహం ఎట్టుందో చూడొద్దూ?"

మొహం కనబడకపోవడమే నాకు నచ్చిందని ఆవిడకి చెప్పలేదు. కొత్తవాళ్ళ ముందు నోరు పెగలని మనిషిని నేను. టైలరు జాకెట్టు బిగుతుగా కుట్టినా, అడగలేక అదే తొడుక్కుని తిరిగేదాన్ని.

కొన్నాళ్ళకి నరసరావుపేటలో ఒక కల్యాణ మండపంలో చెస్ పోటీ ఉందని, ఏ వయసువాళ్ళయినా రావచ్చని ఫోన్‌లో కబురు వచ్చింది. ఊరికే మా ఆయనకి చూపించాను. "వెళ్తావా?" అని ఆయన అడగడం పూర్తికాకుండానే వద్దన్నాను. పక్కనే చీరలు మడతపెడుతున్న అత్తయ్య తలెత్తలేదు. "పేరు ఇచ్చెయ్‌రా. నేను తీసకపోతా" అంది కొడుకుతో. మా ఇంట్లో ఆవిడ మాట మీద అప్పీలు ఉండదు.

ఆ సాయంత్రం పోటీ నియమాలు చదివి వినిపించాను. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు. ఎత్తు వేసిన ప్రతిసారీ మన ఖాతాలో పది సెకన్లు కలుస్తాయి.

"ఎత్తేస్తే టైము తిరిగిస్తారా? చానా మంచోళ్ళేనే!" అంది.

ముట్టుకున్న పావునే కదపాలన్న నియమం మాత్రం ఆవిడకి బొత్తిగా నచ్చలేదు. "ముట్టుకుంటే కొనాల్సిందేనంటే మన షాపు గుమ్మం ఎవురన్నా ఎక్కుతారటే? ఇదేం న్యాయం?" అని ఆ పోటీవాళ్ళని కాసేపు తిట్టింది.

మా ఆయన బోర్డూ, చెస్ క్లాకూ తెప్పించాడు. ఆ గడియారానికి రెండు టైములు. మన ఎత్తు వేసి మన వైపు నొక్కితే మన టైము ఆగి, ఎదుటివాళ్ళది కదులుతుంది. ఫోన్‌లో ఈ పని దానంతటదే జరిగిపోతుంది కాబట్టి నాకు నొక్కే అలవాటే లేదు. రోజూ భోజనాలయ్యాక అత్తయ్య నా ఎదురుగా కూర్చునేది. పావులు తోచినట్టు జరిపేది కానీ, గడియారాన్ని మాత్రం ఈగని కొట్టినట్టు కొట్టేది. నేను ఎత్తు వేసి, నొక్కడం మరచిపోయి ఆలోచనలో పడేదాన్ని. ఆవిడ హాయిగా వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేది. నా టైము మొత్తం కారిపోయేది.

"నొక్కలేదని చెప్పొచ్చుగా అత్తయ్యా!"

"అక్కడ చెప్తారటే?"

అంతటితో ఆగిందా? నేను ఆలోచిస్తుంటే దగ్గేది. గాజులు ఆడించేది. చెల్లెలికి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి, వాళ్ళ ఊరి పెళ్ళి కబుర్లన్నీ మాట్లాడేది. శకటుని పట్టుకుని, మనసు మార్చుకుని, గుర్రాన్ని దూకించేది. ముట్టుకున్నారుగా అంటే "ఎవురు చూశారే?" అని నా మొహంలోకి చూసేది. మొదట్లో నవ్వేసి వదిలేశాను. రోజులు గడిచేకొద్దీ నాకు నిజంగానే ఒళ్ళు మండింది. ఒక మధ్యాహ్నం గడియారం ఆపేసి, "నేను చూశాను! శకటే కదపాలి!" అని గట్టిగా అన్నాను. అత్తయ్య కళ్ళు పెద్దవి చేసి, "అబ్బో, గొంతుందే నీకు" అంది. శకటుని ఏనుగులా నడిపింది. ఆ సంగతి వేరే.

ఆటకి ముందూ తరవాతా కరచాలనం చెయ్యాలని చదివాను. అదీ సాధన చెయ్యాల్సిందేనంది అత్తయ్య. ఒకరోజు మా ఆయన షాపు నుంచి వచ్చేసరికి, డైనింగ్ టేబులు మీదుగా అత్తాకోడళ్ళం లేచి నిలబడి షేక్‌హ్యాండ్ ఇచ్చుకుంటున్నాం. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏందిరా అట్టా చూస్తావు? అన్నం అక్కడుంది, పెట్టుకు తిను" అంది వాళ్ళమ్మ.

పోటీ రోజు పొద్దున్నే రైలెక్కాం. మండపం నిండా పిల్లలు, వాళ్ళని తీసుకొచ్చిన నాన్నలు. నా వయసు ఆడవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. లోపలికి ఆడేవాళ్ళనే రానిస్తామన్నారు. నా ఫోన్ అత్తయ్య చేతికి ఇచ్చాను. "నీ ఎత్తు నువ్వెయ్యి, టప్పున నొక్కు. ఆ తరవాత దిగులు వాడిదే, నీది కాదు" అంది.

మొదటి ఆట ఓ పాపతో. చక్కగా ఆడుతున్నాననుకున్నాను. తలెత్తి చూస్తే నా టైము అయిపోవచ్చింది. నొక్కలేదు. పాప బుద్ధిమంతురాలిలా చేతులు కట్టుకుని కూర్చుంది, అచ్చం మా అత్తయ్యలా. ఓడిపోయి బయటికొచ్చాను. అత్తయ్య నా మొహం చూసి పెరుగన్నం డబ్బా మూత తీసింది.

తరవాతి ఆటలో నా ఎదుట కూర్చున్నాయన బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూనే ఉన్నాడు. అత్తయ్య చెల్లెలి ఊరి పెళ్ళి కబుర్లు విన్న చెవులకి అదో లెక్కా? ఆ ఆట డ్రా అయింది.

మూడో ఆట ఓ పెద్దాయనతో. ఆట నడిమధ్యలో ఆయన మంత్రిని పట్టుకుని, ఆగి, వదిలేసి, బంటుని జరిపాడు. జరిపి నొక్కాడు. ఇంతకుముందైతే ఊరుకునేదాన్నే. ఆయన పెద్దవాడు, నేను ఎవరినని అడగడానికి? కానీ ఎన్నో మధ్యాహ్నాల ఉక్రోషం గొంతులోకి వచ్చేసింది. గడియారం ఆపి, చెయ్యెత్తి, "ఆర్బిటర్ గారూ!" అని తీర్పు చెప్పేవాళ్ళని పిలిచాను. హాలంతా నా వైపు చూసిందనిపించింది. ఆర్బిటర్ వచ్చి అడిగితే పెద్దాయన నవ్వి, "అవునండీ, ముట్టుకున్నాను. అమ్మాయి చెప్పింది నిజమే" అని మంత్రినే కదిపాడు. ఆ ఎత్తుతోనే ఆయన ఆట పాడైంది. చివర్లో ఆయన చెయ్యి చాచితే నేను లేచి నిలబడి షేక్‌హ్యాండ్ ఇచ్చాను.

పరిగెత్తుకుంటూ బయటికొచ్చి, "అరిచానత్తయ్యా!" అన్నాను. గెలిచానని చెప్పడం కూడా మరచిపోయాను.

"ఎవురి మీద?"

చెప్పాను. ఆవిడ అప్పటికే అక్కడున్న తల్లిదండ్రులందరితో చుట్టరికం కలిపేసుకుంది. "మా కోడలు అరిచిందంట!" అని వాళ్ళకి చాటింది. వాళ్ళకి అర్థం కాలేదు, అయినా చప్పట్లు కొట్టారు.

ఆ రోజు మిగిలిన ఆటల్లో కొన్ని గెలిచాను, కొన్ని ఓడాను. బహుమతేమీ రాలేదు. తరవాత చాలా ఊళ్ళు వెళ్ళాను. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు ఆవిడా వచ్చింది. నాకు ఆట నేర్పినవాళ్ళు వేరే ఉన్నారు. మనుషుల ఎదుట కూర్చోవడం నేర్పింది ఆవిడే. ఆ మాట బతికుండగా అంటే, "చాల్లే, పోయి పప్పులో తాలింపు పెట్టు" అనేది.

ఆ మొదటి రోజు సాయంత్రం తిరిగొచ్చి మాచర్ల స్టేషన్ బయట ఆటో ఎక్కాం. బజారులో ఎండ తగ్గి జనం బయటికొస్తున్నారు. తెలిసిన షాపులవాళ్ళు ఆటోని చూసి, "ఎక్కడికి పోయొస్తన్నారు పెద్దమ్మా?" అని కేకేస్తున్నారు. అత్తయ్య ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, సగం బయటికి వంగి, రేగిన తెల్ల జుట్టుతో ఒక్కొక్క షాపుకీ విడివిడిగా జవాబు చెబుతోంది.

"ఆటకి పోయాంరా! మేమిద్దరం ఆడొస్తన్నాం!"