నిరోష ముట్టుకోకూడని లైను

చచ్చిపోయిన మనిషి లేచి వస్తే, పది అక్షరాలు కొట్టి మళ్ళీ పడుకోబెట్టగలిగింది పల్నాడు మొత్తానికి ఒక్క నిరోషే. గురజాల కేబుల్ ఇంటర్నెట్ ఆఫీసులో టెక్నీషియన్. మాచర్ల భూతవైద్యులు శిష్యరికం కోసం ఆమె గుమ్మం ముందు బారులు తీరారనీ, చెప్పులు బయట విడిచి రమ్మందనీ చెప్పుకుంటారు. ఆ బారు అంత పొడుగు కాకపోవచ్చుగానీ, చచ్చిన మనిషి సంగతి మాత్రం నిజం.

ఆ మనిషి శౌరి. ఆమెకు పని నేర్పినవాడు. చేరిన మొదటి రోజే నిరోష రౌటర్‌లో ఒక దారి చెరిపేసి ఊరంతటికీ నెట్ పోగొడితే, తిట్టకుండా పడీ పడీ నవ్వాడు. పోయిన ఏడాది లారీ గుద్ది పోయాడు. నడికుడిలో అతను అద్దెకున్న రాఘవమ్మ ఇంటి అటక మీద అతను పెట్టిన రౌటర్ ఇంకా నడుస్తూనే ఉంది. దానికి తన పేరే పెట్టుకున్నాడు.

పోయిన నెల రోడ్డు వెడల్పు చేస్తూ, ఆ రౌటర్ పెట్టె నుంచి నరసరావుపేటకు పోయే పాత కేబులును తవ్వి పారేశారు. పెట్టెకు ఆ సంగతి తెలియదు; కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఊరిని ఆ పాత దారినే పంపుతుంది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చిన కాసేపటికే గురజాలకు నెట్ ఆగింది. ఫోన్లు మొదలయ్యాయి. నిరోష నల్లతెర తెరిచి 'షో ఐపీ రూట్' కొట్టింది. ఎటు పోవాలంటే ఏ దారో ఆఫీసు రౌటర్ వరసగా చూపించింది. బయటికి పోయేదంతా శౌరి పెట్టె మీదుగానే. పక్కన ఆ దారి వయసు: రెండు నిమిషాల పదకొండు సెకన్లు. ఊరు పంపిందంతా నడికుడి దాకా పోతోంది. అక్కణ్ణుంచి ఏదీ తిరిగి రావడం లేదు.

ఓనరు నాగభూషణరావు వచ్చి వెనక నిలబడ్డాడు. "నెలలో నాలుగోసారి అమ్మాయ్. ఇంకోసారి పోయిందా, ఆ పెట్టె పీకించి తుక్కులో ఏపిస్తా."

ఆయన వెళ్ళాక నిరోష కూర్చున్నచోటి నుంచే ఆ పెట్టెలోకి వెళ్ళింది. తెర మీద 'శౌరి' అని పడింది. పక్కన గీత ఆరుతూ వెలుగుతూ ఆమె మాట కోసం కాచుకుంది. చెడ్డ దారి ఒకే ఒక్క లైను. దాని చివర గుర్తు కోసం శౌరి ఎప్పుడో రాసుకున్న మాటలు: నిరోషా, ముట్టుకోకు.

ఆమె ఆ లైను తీసేసింది. దారి కొత్త కేబులు వైపు మళ్ళింది, ఫోన్లు ఆగాయి. ఇక సేవ్ కొట్టడమే మిగిలింది. కొడితే ఆ మాటలు మళ్ళీ పుట్టవు. కొట్టకపోతే ఈసారి కరెంటు పోయి వచ్చినప్పుడు పెట్టె అతను రాసింది రాసినట్టే తెచ్చుకుంటుంది, ఆ వెంటనే మొత్తంగా తుక్కులోకి పోతుంది. వేలు మీట దాకా వెళ్ళింది. తర్వాత ఆమె ఆ తెర మూసేసింది.

ఫోన్లెత్తే జెస్సీ కుర్చీ దగ్గరికి లాక్కుంది. "అక్కా, నెట్ పోయినప్పుడల్లా శౌరన్న వస్తన్నాడంట గదా? జనం చానా భయపడతన్నారు."

"ఎవరూ రావట్లా. ప్రతిసారీ నేనే లైను తీసి, సేవ్ కొట్టకుండా వదిలేస్తన్నా. అంతే."