వదులు బెల్టూ, కొల్లేటి పాటా

ఆదివారం ఉదయం ఆరూ ఇరవైకి రాజమండ్రి స్టేషన్లో పాసింజరు ఎక్కాను. చేతిలో ఒక సంచి, అందులో వాక్‌మన్, పదకొండు క్యాసెట్లు, ఒక ఉత్తరం. బయటికి కనిపించని సామాను ఇంకొకటి ఉంది. అది నేను ఒప్పుకోవలసిన తప్పు. దాన్ని తూకం వేస్తే లగేజీ టిక్కెట్టు తీసుకోవలసి వచ్చేది.

ముందు నా హోదా చెప్పాలి. ఒక మాసపత్రికలో కొత్త రాక్ ఆల్బమ్‌ల మీద అభిప్రాయాలు రాసే పేజీ నాది. నిండు పేజీ కాదు, కింద సగం జుట్టు రాలకుండా చేసే నూనె ప్రకటన. ఆ పేజీని మూడు కోట్ల మంది చదువుతారని నా అంచనా, ఎనిమిది మందని మా ఎడిటరు గారి అంచనా. ఆ ఎనిమిది మందిలో ప్రసాదు ఒకడు. తాడేపల్లిగూడెంలో కాలిపోయిన మోటార్లకు వైండింగు చేస్తాడు. అతనూ, ఏలూరు ఖాదరూ, కొల్లేటి నాగరాజూ కలిసి ఒక బ్యాండు పెట్టారు. కొల్లేట్లో పెరిగే గడ్డి పేరే దానికి పెట్టారు, 'కిక్కిస' అని. మొదటి ఆల్బం పేరు 'ఐదో కాంటూరు'. కొల్లేటి సరస్సుకు హద్దుగా గీసిన ఆ గీతకు లోపల చేపల చెరువులు ఉండకూడదని సర్కారు వారు గట్లు కొట్టించిన సంగతి ఆ పేరులో ఉంది.

ఆ క్యాసెట్టును నేను ఆకాశానికెత్తాను. 'ఈ బ్యాండు తొందరపడదు. గట్టు తెగిన రోజు అనే పాట మునుగుతున్న పడవంత నెమ్మదిగా నడుస్తుంది. గాయకుడి గొంతు నూతిలోంచి వస్తుంది. మన రాక్ సంగీతం రేపు నడవబోయే దారి ఇదే' అని రాశాను. రాసి నాలుగు నెలలయింది.

పోయిన వారం నా టేప్ రికార్డరు మూలిగితే రిపేరుకి ఇచ్చాను. మెకానిక్కు మూత విప్పి, లోపలి రబ్బరు బెల్టును వేలికి చుట్టి చూపించాడు.

"సాగిపోయిందండీ. రెండేళ్ళయి ఉంటుంది. పాటలు నీరసంగా వస్తున్నాయని మీకు తెలియలేదాండీ?"

తెలియకేం. ప్రపంచంలో రాక్ సంగీతమంతా నెమ్మదిస్తోందని, యువతరంలో ఒక కొత్త విషాదం ప్రవేశించిందని నాలుగు వ్యాసాలు రాశాను. ఆ విషాదం ఖరీదు పన్నెండు రూపాయలట. కొత్త బెల్టు వేయించి కిక్కిస పాట పెట్టాను. కుక్క తరిమినట్టు పరిగెత్తింది. మర్నాడే ప్రసాదు ఉత్తరం వచ్చింది. 'గురువుగారికి, మీరు రాసినట్టే రెండో ఆల్బం నెమ్మదిగా చేస్తున్నాం. ఖాదరుకు నెమ్మది రావడం లేదు, బ్యాండు మానేశాడు. ఆదివారం నాగరాజు షెడ్డులో రికార్డింగు. డ్రమ్ములు లేకుండా ఎలా చేయాలో మీరే వచ్చి చెప్పాలి.'

అందుకే ఈ ప్రయాణం.

గోదావరి వంతెన దాటుతుంటే వాక్‌మన్ పెట్టుకున్నాను. రెండేళ్ళ అభిప్రాయాలన్నీ మళ్ళీ తనిఖీ చేయాలి కదా. బెంగుళూరు నుంచి వచ్చిన ఒక ఆల్బంను 'గంభీర ధ్యానం' అన్నాను. అసలు వేగంలో అది పెళ్ళి ఊరేగింపులా ఉంది. షిల్లాంగు బ్యాండు గిటారు మాత్రం ఏ వేగంలోనైనా ఏడుస్తూనే ఉంది. పక్కన పొట్లకాయల బుట్టతో కూర్చున్న ఆవిడ చాలాసేపు నా చెవులకేసి చూసింది.

"అదేంటండీ, చెవిటి మిషనాండీ?"

పాట అన్నాను. ఒక ఇయర్‌ఫోను ఇస్తే పెట్టుకుని, నిడదవోలు వచ్చేదాకా వింది.

"మాట తెలీడం లేదు గానీ, ఆకలి మీదున్నాడండీ పాపం. ఇంట్లో ఎవరో అలిగి అన్నం వండలేదు."

ఆ ఆల్బం మీద నేను రెండు కాలమ్‌లు రాశాను. అందులో ఇంత పనికొచ్చే వాక్యం ఒక్కటి లేదు.

ఎనిమిదింటికి గూడెం. ప్లాట్‌ఫారం మీద ప్రసాదు ఉన్నాడు. పాతికేళ్ళ మనిషి, సన్నగా వెదురు బొంగులా ఉన్నాడు. గిటారు సంచీ అతని కంటే లావుగా ఉంది. వంగి నమస్కారం పెట్టి, "వచ్చేశారాండీ గురువుగారూ" అన్నాడు. ఆ గొంతు నూతిలోంచి వచ్చింది. నేను ఉలిక్కిపడ్డాను. రెండో మాటకు దగ్గొచ్చింది, మూడో మాటకు అసలు గొంతు బయటపడింది. పీచుమిఠాయిలా సన్నని గొంతు.

"రోజూ మిరియాల కషాయం తాగుతున్నానండీ, గొంతు దిగాలని. గిటారు తీగల శ్రుతి కూడా దించేశాను. ఇంకా మీరు విన్నంత లోతు రావట్లేదండీ."

అప్పుడే చెప్పేయాలి. చెప్పలేదు. స్టేషన్ ఎదుట హోటల్లో పెసరట్టు ఉప్మా పెట్టించాడు. ఆ పెసరట్టు ఒక మంచానికి దుప్పటిగా సరిపోయేంత ఉంది. అది తింటూ ఎవరైనా తప్పు ఒప్పుకోగలరా? తొమ్మిదింటి బండిలో చెబుదామనుకున్నాను. బండిలో పుళ్ళ దాటాక చెబుదామనుకున్నాను. పుళ్ళ దాటాక భీమడోలు అనుకున్నాను. దెందులూరు స్టేషన్లో అతనే అన్నాడు.

"మొదట్లో మాకు అలా వినిపించలేదండీ. మా పాట మాకు గబగబానే వినిపించింది. కానీ అచ్చులో వేశారు, పెద్దవారు మీరు విన్నారు. లోపలెక్కడో ఉండే ఉంటుందని వెతుక్కున్నామండీ."

కిటికీలోంచి వరిచేలు చూశాను. అవి అంత శ్రద్ధగా చూడవలసినవేం కావు.

పదీ పావుకి ఏలూరు. చిన్న పని ఉందని చెప్పి ప్రసాదును ముందు కొల్లేటికి పంపి, నేను రిక్షాలో తంగెళ్ళమూడి వెళ్ళాను. ఖాదరు వాళ్ళది తివాచీలు నేసే ఇల్లు. మగ్గం గోడంత ఎత్తు, నేను రాస్తే తాటిచెట్టంత అవుతుంది. దాని ముందు బల్ల మీద తండ్రీ కొడుకూ పక్కపక్కన కూర్చుని ఉన్ని ముడులు వేస్తున్నారు. వరస పూర్తయ్యాక ఖాదరు ఇనుప దువ్వెనతో దాన్ని కిందికి కొట్టాడు. ధన్, ధన్, ధన్. మళ్ళీ ముడులు. మళ్ళీ చాలాసేపటికి ధన్.

నేనెవరో చెప్పగానే ఖాదరు దువ్వెన కింద పెట్టాడు.

"నాకు నెమ్మది రాదని రాశాడా వాడు మీకు?"

"ఆఁ."

"పొద్దుట్నించి సాయంత్రానికి ఇద్దరం కలిసి నాలుగు వేళ్ళ వెడల్పు నేస్తే గొప్పండీ. వారమంతా నెమ్మదే. ఆదివారం పూట డ్రమ్ముల దగ్గరైనా పరిగెత్తొద్దాండీ?"

పెద్దాయన తలెత్తకుండానే, "టీ పెట్టించరా ఆయనకి" అన్నాడు.

టీ వచ్చేలోపు చెప్పేశాను. బెల్టు, మెకానిక్కు, పన్నెండు రూపాయలు, అన్నీ. ఖాదరు నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"అంటే నాలుగు నెలలుగా మేం కొట్టుకున్నది ఒక రబ్బరు ముక్క గురించాండీ?"

"అవును."

"ఈ మాట వాడి ముందు చెప్తారా?"

"చెబుతాను."

"అయితే వస్తాను. చెప్పకపోతే బస్సు దిగిన చోటే మళ్ళీ ఎక్కేస్తాను."

లోపలికి వెళ్ళి డ్రమ్ము పుల్లలు తెచ్చి నడుముకు దోపుకున్నాడు. పదకొండున్నరకి కైకలూరు బస్సు ఎక్కాం. టిక్కెట్లు అతనే తీశాడు, నేను పారిపోతానని అనుమానం కాబోలు. ఊరు దాటాక రోడ్డుకు రెండు వైపులా నీళ్ళు, నీళ్ళలో కిక్కిస, దాని మధ్య అక్కడక్కడా తెగిన గట్లు. బస్సులో ఖాదరు పుల్లలతో ముందు సీటు కమ్మీ మీద చప్పుడు చేస్తూనే ఉన్నాడు. ఆ సీట్లో పెద్దమనిషి వెనక్కి తిరిగి, "బాబూ, నా తల కూడా ఇక్కడే ఉందండీ" అన్నాడు.

నాగరాజు షెడ్డు తెగిన చెరువు గట్టు మీద ఉంది. ఒకప్పుడు చేపల మేత బస్తాలు పెట్టేవారు. ఇప్పుడు ఆ బస్తాలనే గోడలకు వేలాడగట్టారు, చప్పుడు బయటికి పోకుండా. అద్దెకు తెచ్చిన రికార్డింగు మిషను, సోమవారం ఇచ్చేయాలి. ఖాదరును చూసి ప్రసాదు గిటారు దించాడు. నాగరాజు బేస్ గిటారు వాయిస్తాడు, మాట్లాడడు. ఆరడుగుల మనిషి, మాటలు ఆరు అంగుళాలు. ఖాదరు వైపు ఒక కుర్చీ జరిపాడంతే.

ముందు భోజనం అన్నారు. కొరమేను పులుసు. నేను వద్దన్నాను. నా జీవితంలో కొరమేను వద్దనడం అదే మొదలు, కనక విషయం ఎంత తీవ్రమైనదో పాఠకులు గ్రహించాలి.

నిలబడి చెప్పాను. ఈసారి ఏదీ పెంచలేదు. బెల్టు వదులైందని, నేను విన్నది వాళ్ళు వాయించింది కాదని, నూతిలో గొంతు టేప్ రికార్డరుదని చెప్పాను. ప్రసాదు గిటారు ఒళ్ళో పెట్టుకుని, దించిన తీగల్ని ఒక్కొక్కటీ పైకి బిగించసాగాడు. ఆరు తీగలు. ఒక్కో మర తిప్పుతున్నప్పుడు వచ్చిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

"నాలుగు నెలలు కషాయం తాగానండీ" అన్నాడు చివరికి, తన సన్నని గొంతుతో.

"నా చేతులు చెబితే నమ్మలేదు రా నువ్వు. అచ్చు చెబితే నమ్మావు" అన్నాడు ఖాదరు.

"నమ్మాను. తప్పే."

"తప్పు నాది" అన్నాను.

"మీది తర్వాత చూద్దామండీ. ముందు వీడిది" అని ఖాదరు డ్రమ్ముల వెనక కూర్చున్నాడు.

'గట్టు తెగిన రోజు' వాయించారు. అసలు వేగంలో. అది నాగరాజు వాళ్ళ చెరువు గట్టు మిషన్లతో కొట్టినప్పటి పాట. నీళ్ళు ఒక్కసారిగా దూకినట్టే ఉంది. ప్రసాదు సన్నని గొంతు ఆ వరద మీద కొట్టుకుపోయే గడ్డిపరకలా తేలింది. మూడుసార్లు వాయించి, మూడోది ఖాయం చేశారు. కొరమేను చల్లారిపోయింది, అయినా ఇద్దరికి సరిపడా తిన్నాను.

చేతులు కడుక్కుంటుంటే నాగరాజు నోరు విప్పాడు.

"నీళ్ళు పోయింది ఒక్క గంటేనండీ. తర్వాత మూడు రోజులు మేం ఈ గట్టు మీదే కూర్చున్నాం. బురదలో చేపల్ని చూస్తా. అప్పుడు తొందరేం లేదండీ ఎవరికీ."

ఖాదరు లేచి మళ్ళీ డ్రమ్ముల దగ్గరికి వెళ్ళాడు. పుల్లలు పట్టుకుని, పట్టుకోనట్టుగా చాలాసేపు ఉండి, ఒక్క దెబ్బ వేశాడు. మళ్ళీ చాలాసేపటికి ఇంకొకటి. పొద్దున ఆ దెబ్బ నేను విన్నాను, తంగెళ్ళమూడిలో, మగ్గం ముందు. ప్రసాదు గొంతు దించకుండా, ఉన్న గొంతుతోనే అదే పాట అందుకున్నాడు. దీన్ని రికార్డు చేయలేదు. మిషను మీటకు ఎవరి చెయ్యీ వెళ్ళలేదు.

పాట అయ్యాక ప్రసాదు నా వైపు తిరిగాడు.

"ఏది బాగుందండీ?"

ఇరవై ఏళ్ళుగా ఆ ప్రశ్న కోసమే బతికినవాణ్ణి. "మీకేది వినిపించింది?" అన్నాను. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, నన్ను వదిలేసి వాదించుకోవడం మొదలుపెట్టారు. ఒరేయ్ అంటే ఒరేయ్ అనుకుంటూ. బ్యాండు మళ్ళీ బ్యాండయింది. ఇది నేను పత్రికకు ఇచ్చిన ఏకైక నిజమైన బ్యాండు వార్త.

నాలుగున్నర బస్సుకు నాగరాజు రోడ్డు దాకా వచ్చి, పరిగెత్తే పాట ఎక్కించిన క్యాసెట్టు చేతిలో పెట్టాడు. ఏలూరు స్టేషన్లో టీ, రెండు కొత్త బ్యాటరీలు కొన్నాను. ఆరింటి పాసింజరులో కిటికీ సీటు దొరికింది. ఈ దారిన వెళ్ళేవారికి చెబుతున్నాను, కొల్లేటి బస్సు పొద్దున్నే పట్టుకోండి, గూడెంలో పెసరట్టు ఒక్కటే చెప్పండి, అచ్చులో చూసినవన్నీ నమ్మకండి. ఇది కూడా అచ్చులోనే చూస్తున్నారు.

గూడెం దాకా పాట పరిగెత్తుతూనే ఉంది. నిడదవోలు దాటాక వాక్‌మన్ పాత బ్యాటరీలు అయిపోవచ్చాయి. ఖాదరు దెబ్బలు దూరం దూరంగా పడసాగాయి. ప్రసాదు గొంతు మెల్లిగా నూతిలోకి దిగింది. అది బ్యాటరీ అని నాకు తెలుసు. కొత్తవి జేబులోనే ఉన్నాయి. కొవ్వూరు దాటి, వంతెన ఎక్కి, కింద చీకట్లో గోదావరి మెరిసేదాకా జేబులో చెయ్యి పెట్టలేదు.